పనికిరాని రక్తం

పెద్దపిల్ల పాలు మానకముందే ఈశ్వరికి మళ్లీ కడుపు వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. శ్రీకాకుళం తీరాన చేపల మీద బతికే ఊరు వాళ్లది. భర్త ఎల్లాజీ వేటకు వెళ్లేవాడు. అతను తెచ్చిన చేపలను గంపకెత్తుకుని, అత్త తాతమ్మతో కలిసి ఊరూరా అమ్మడం ఈశ్వరి పని.

అయిదో నెల నుంచి గంప ఎత్తితే కళ్లు బైర్లు కమ్మేవి. నాలుగడుగులకే ఆయాసం. పచ్చి బియ్యం తినాలని ఒకటే యావ. ఒకరోజు డబ్బాలోంచి గుప్పెడు తీసి నోట్లో పోసుకుంటూ అత్తకు దొరికిపోయింది. తాతమ్మ గరిటె తిరగేసి వేళ్ల మీద కొట్టింది.

"దొంగతిండి తినీసి పనికాడ పడిపోతాది. మేం కన్లేదేటి పిల్లల్ని?" అంది కొడుకుతో.

ఎల్లాజీ కంచంలో ముళ్లు ఏరుకుంటూ తల కూడా ఎత్తలేదు. అతను తిని లేచాక అడుగున మిగిలిన పులుసే ఈశ్వరికి. అందులో ముక్క ఉండేది కాదు.

ఊరికి వచ్చే నర్సు ధనలక్ష్మి వేలు పొడిచి ఈశ్వరి రక్తం పరీక్షించింది. హిమోగ్లోబిన్ పదకొండు ఉండాల్సింది ఆరు కూడా లేదు.

"పెద్దమ్మా, ఎదిగే ఆడపిల్లలకీ, నెలనెలా రక్తం ఎక్కువ పోయేవాళ్లకీ, కడుపుతో ఉన్నవాళ్లకీ ఒంట్లో ఇనుము ముందు తరిగిపోద్ది. ఈమెకి కాన్పు మీద కాన్పు. ఈ మాత్రలు మింగించు. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే సెలైన్‌లో ఇనుము ఎక్కిస్తారు. ఆలస్యం చెయ్యకు," అని తాతమ్మకు చెప్పింది.

తాతమ్మ సరేనంది. మాత్రలు మొదలుపెట్టాక దొడ్డికి నల్లగా అవుతోందని ఈశ్వరి భయపడుతూ చెప్పింది. తాతమ్మ ఆ అట్టలన్నీ తీసి ఇసకలో పాతేసింది.

"కడుపులో గుంట కూడా అలగే నల్లగా పుట్టీస్తాది," అంది.

ధనలక్ష్మి మళ్లీ వచ్చి అడిగితే, రేపో మాపో ఆసుపత్రికి వెళ్తామని చెప్పి పంపేసింది. చేపలు బాగా పడే రోజులవి. కోడలి నెత్తి మీంచి గంప దిగలేదు.

తొమ్మిదో నెలలో చేపలమ్ముతుండగానే నొప్పులొచ్చాయి. ధనలక్ష్మి దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్లింది. మధ్యాహ్నానికి మగబిడ్డ పుట్టాడు. ఆ తర్వాత పోయిన రక్తం మరొకరైతే తట్టుకునేంతే. ఈశ్వరికి పోవడానికి ఒంట్లో లేదు. ఆమె గ్రూపుది ఒక్క సంచి దొరికితే ఎక్కించారు. ఇంకా కావాలన్నారు.

ఈశ్వరి తల్లి దేముడమ్మ, చెల్లెలు గౌరి పరుగున వచ్చి చేతులు చాపారు. గ్రూపు కలిసింది. కానీ తల్లికి ఎనిమిది, పద్దెనిమిదేళ్ల గౌరికి ఏడు.

"మీకే ఎక్కించాలమ్మా. మీ దగ్గర ఎలా తియ్యను?" అన్నాడు పరీక్ష చేసినతను.

ఎల్లాజీదీ అదే గ్రూపు. అతనికి పధ్నాలుగుంది. పడుకోమంటే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"రగతం తీసీస్తే నాను వేటకెలాగెల్తాను?"

"ఏమీ కాదు బాబూ. తీసిన రక్తం మళ్లీ పడుతుంది," అంది ధనలక్ష్మి.

తాతమ్మ కొడుకు మోచెయ్యి పట్టుకుంది. "ఇంటికి ఆదారం ఆడు. ఆడికేటైనా అయితే మాకెవులు? ఒరే, నువ్వెళ్లి టీ తాగొచ్చీ."

దేముడమ్మ కాళ్లు పట్టుకోబోతే ఎల్లాజీ పక్కకు తప్పుకుని మెట్లు దిగిపోయాడు.

ధనలక్ష్మి ఎవరెవరికో ఫోన్లు చేసింది. ఎచ్చెర్లలో చదువుకునే కుర్రాడొకడు బండి మీద వచ్చి రక్తం ఇచ్చాడు. దాన్ని పరీక్షిస్తుండగానే ఈశ్వరి చనిపోయింది. చలేస్తోందని రెండుసార్లు అంది. తల్లి తన కొంగు తీసి కప్పింది. అంతే.

తాతమ్మ మనవణ్ణి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో ఒళ్లంతా చూసుకుంది. "ఎర్రగా ఉన్నాడు," అంది.

కర్మకాండ అయ్యాక ధనలక్ష్మి దేముడమ్మ ఇంటికి వెళ్లి, తల్లీకూతుళ్లకు మాత్రలిచ్చింది. దేముడమ్మ ఆ అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇయ్యి ముందునించీ ఏసుకునుంటే నా రగతం తీసుకుందురేటమ్మా?"

ధనలక్ష్మికి అబద్ధం చెప్పాలనిపించింది. నోరు రాలేదు.

"తీసుకునేవారు," అంది.

దేముడమ్మ గౌరిని పిలిచి, నోరు తెరవమని, మాత్ర తనే నాలుక మీద పెట్టింది. అది గొంతు దిగేదాకా చూస్తూ కూచుంది.