పెద్దగారు తన పేరు తానే చదువుకున్న ఆదివారం

మొన్న బల్ల ఆదివారం మా చర్చిలో ప్రభు భోజనం ఇస్తుంటే రొట్టె పళ్ళెం మా అమ్మ ముందు ఆగలేదు. ఈ పక్కావిడకు అందింది, ఆ పక్కావిడకు అందింది... మధ్యలో మా అమ్మ చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. మూడు ఆదివారాలు ఆరాధనకు రాలేదని ఆపారట. ఆ మాట ఆమెకు ముందుగా ఒక్కరూ చెప్పలేదు.

మా అమ్మ రొయ్యలు ఒలిచే షెడ్డులో పని చేస్తుంది. ఆదివారం రానంటే సోమవారం పనిలోకి రానివ్వరు. ఈ సంగతి మా సంఘంలో తెలియనివాళ్ళు లేరు. ఇప్పటి సంఘ పెద్దగారి అల్లుడు చెరువులో చేపల పట్టుబడి ఉందని నాలుగు ఆదివారాలు మానేశాడు. పళ్ళెం అతని ముందు మాత్రం చక్కగా ఆగింది.

ఆ రోజు నుంచి ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోస్తున్నా నా ఒళ్ళు చల్లబడటం లేదు.

మా చిన్నప్పుడు... కొల్లేటి గట్టు పక్కన మా పేటలో ఇదే గుడి, అప్పుడు రేకుల షెడ్డు. దావీదు తాత సంఘ పెద్ద. చేపల చెరువుకు కాపలా ఉండేవాడు. మోకాళ్ళ దాకా ఎప్పుడూ బురదే. మూడు ఆదివారాలు మానినవారికి ఆ నెల బల్ల లేదన్న నియమం ఆయన పెద్దరికంలో పెట్టిందే. బల్లకు ముందు లేచి నిలబడి, ఆపినవాళ్ళ పేర్లు అందరి ముందూ చదివేవాడు. ఆయన జేబులోంచి కాగితం తీస్తే పిల్లలం అమ్మల వెనక దాక్కునేవాళ్ళం...

ఒక ఏడు వానలకు ఆయన కాపలా ఉన్న చెరువు గట్టు తెగింది. మూడు వారాలు గట్టు మీదే ఉన్నాడు. అన్నం కూడా అక్కడికే వెళ్ళేది. ఆ తర్వాత వచ్చింది బల్ల ఆదివారం.

తాత లేచాడు. కాగితం తీశాడు. మొదటి పేరు మరియమ్మ పిన్నిది. పెంటపాడు ఊడ్పులకు వెళ్ళి మూడు ఆదివారాలు తప్పింది. రెండో పేరు దగ్గర ఆగాడు. గొంతు సవరించుకుని తన పేరే చదివాడు.

గుడిలో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి.

పాస్టరు అయ్యగారు కంగారు పడిపోయారు. "అదేంటండీ పెద్దగారూ, గట్టు తెగితే మీరేం చేస్తారండీ? వచ్చి పళ్ళెం పట్టుకోండి."

"మరియమ్మని పొలం పిలిచిందండీ, నన్ను గట్టు పిలిచింది. తేడా ఏవుందండీ?"

"నేను చెప్తున్నాను కదండీ..."

"మీ మాట ఎప్పుడన్నా కాదన్నానా అయ్యగారూ? ఈ నియమానికి మీరు ఒప్పుకున్న రోజే నేనూ తలొంచాను. ఇప్పుడు నాకోసం దాన్ని పక్కన పెడితే ఎలాగండీ?"

అని, బల్ల పాటకు డోలక్ మొదలవుతుంటే వెనక్కి నడిచి, మరియమ్మ పిన్ని పక్క చాప మీద కూర్చున్నాడు. ఆవిడ ఊరుకునే రకమా! "ఏం పెద్దగారూ, చాప మెత్తగా ఉందా?" అంది.

"గుచ్చుకుంటోందమ్మా," అన్నాడు.

ఆయన నవ్వబోయాడు గానీ పళ్ళెం తనను దాటి వెళ్తుంటే కళ్ళు తుడుచుకున్నాడు. నేను అమ్మ ఒళ్ళోంచి చూశాను...

నియమం మారలేదు. అందరి ముందూ పేర్లు చదవడం మాత్రం ఆ రోజుతో ఆగిపోయింది. ఎవరినైనా ఆపాల్సి వస్తే ముందు రోజే తాత వాళ్ళ ఇంటికి వెళ్ళేవాడు. అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగి, ఎందుకు రాలేకపోయారో అంతా విని, అప్పుడు చెప్పేవాడు. మా నాన్న ఎవరి మాటా లెక్క చేసేవాడు కాదు. దావీదు తాత మాటకు మాత్రం "సరేనండీ" అనేవాడు. తన వీపు మీద పెట్టుకోని బరువు ఎదుటివాడి మీద పెట్టని మనిషికి లోబడటం ఎవరికీ చిన్నతనంగా ఉండదు. నేను చదివింది ఎనిమిది వరకే. ఇది మాత్రం ఆ చాప దగ్గర నేర్చుకున్నాను.

ఇప్పుడు గుడికి పాలరాయి వేశారు, పెద్దలకు ముందు వరసలో కుర్చీలు వేశారు... ఇళ్ళకు వచ్చేవాళ్ళే లేరు. మీ సంఘాల్లో దావీదు తాతలాంటి వాళ్ళు ఉండేవారా? ఉంటే కింద రాయండి. నలుగురూ చదవాలి.

ఇక ఈ మాట మా ఇప్పటి పెద్దగారికి. తాత తన పేరు చదివిన ఆ రోజు ముందు వరసలో డోలక్ వాయించింది మీరే. తాత వెనక్కి నడుస్తుంటే మీ చేతులు ఆగిపోవడం చూశాను. మీరు మర్చిపోయారంటే నేను నమ్మను. అందుకే ఇంకా ఆశ ఉంది, ఇదంతా అందుకే రాస్తున్నాను.

నియమం తీసేయమనడం లేదండీ. మా అమ్మకు ఉన్నదే మీ అల్లుడికీ ఉండాలి. శనివారం ఉపవాస ప్రార్థన మొదలయ్యే లోపు మా ఇంటికి వచ్చి, ఎందుకు చెప్పకుండా ఆపారో మా అమ్మకు మీ నోటితో చెప్పండి. సాయంత్రం ఆరు దాకా తలుపు తీసే ఉంచుతాం.