గజంబద్దతో కొలిచిన పిల్ల

1926. అరకు లోయలో ఒక కొండపల్లెకు నేను మేష్టరుగా వచ్చిన రెండో చలికాలం. అంతకుముందు శృంగవరపుకోటలో నాకు బట్టల కొట్టు ఉండేది. కొండ సంతలకు సరుకు తీసుకెళ్లేవాణ్ణి. అక్కడి పిల్లలకు అక్షరం చెప్పేవాళ్లు లేరని చూసి, కొట్టు తమ్ముడికి అప్పగించి బడి పెట్టాను.

వీలైనప్పుడల్లా విశాఖపట్నం లాడ్జికి వెళ్లేవాణ్ణి. లాడ్జి అంటే బస చేసే చోటు కాదు. ఒకరికొకరు అన్నదమ్ముల్లా ఉంటామని ప్రమాణం చేసినవాళ్ల సంఘం. తలుపులు మూసుకుని సమావేశమవుతాం, లోపలి సంగతులు బయట చెప్పం. అందుకే పట్నంలో జనం ఆ భవనాన్ని దయ్యాల బంగళా అనేవారు. ఆ పేరు కొండెక్కి వస్తుందని నేననుకోలేదు.

ఆ ఏడు వాగు మీద వంతెన కడుతున్నారు. పునాదిలో పిల్లల్ని బలివ్వాలట అని సంతలో పుకారు పుట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే నేను ఆబ్జెక్ట్ లెసన్, అంటే వస్తువును చూపించి చెప్పే పాఠం, మొదలుపెట్టాను. కొలతలు నేర్పడానికి గజంబద్దతో ఒక్కొక్కరి ఎత్తూ కొలిచి గోడ మీద బొగ్గుతో గీత గీశాను.

మర్నాడు ఒక్క పిల్లా రాలేదు. మంచు విడవకముందే మగవాళ్లు గొడ్డళ్లతో వచ్చారు. ముందున్నవాడు సోమ్రా. అతని కూతురు సుక్రి ముందురోజు బడి నుంచి ఇంటికి చేరలేదు.

"నా గుంటేది మేస్టరూ? దయ్యాల బంగళాకి పంపేసినావా?"

"నాకు తెలీదు సోమ్రా. పద, వెతుకుదాం."

"ముందు నువ్వు నడు."

నడిచాను. పసుప్పచ్చగా పూసిన వలిసె చేలు దాటి అడవిలోకి వెళ్లాం. వెనక సోమ్రా ఊపిరి నా మెడకు తగులుతున్నట్టే ఉంది. పరిగెత్తితే నేరం ఒప్పుకున్నట్టే. పిల్లను పులి ఎత్తుకుపోయిందేమోనన్న ఆలోచన రాగానే ప్రతి పొదలోకీ వంగి చూడసాగాను. నా ప్రాణం సంగతి ఆ తరవాత గుర్తొచ్చింది.

గట్టు మీద బండల సందులో ఎర్ర గుడ్డ కనిపించింది. వంగి చూశాను. సుక్రి! మోకాళ్లు కౌగిలించుకుని వణుకుతోంది. నన్ను చూడగానే కెవ్వున అరిచింది. నా తల మీదికి సోమ్రా గొడ్డలి లేచింది.

"అయ్యా, ఈడే నన్ను కొలిసినాడు! వంతెన కింద ఎట్టేత్తాడు!"

ఎవరికీ చిక్కకుండా తనంతట తానే దాక్కుందని అప్పుడు అర్థమైంది. గొడ్డలి ఇంకా దిగలేదు.

"ఎందుకు కొలిసినావు?"

"లెక్క నేర్పడానికి. పిల్ల ఏటేటా ఎంత ఎదిగిందో చూపించడానికి."

"ఆ బంగళాలో తలుపులేసుకుని ఏటి సేత్తారు?"

"చెప్పనని ప్రమాణం చేశాను. నువ్వు నరికినా చెప్పలేను. మనిషికి కీడు చేసేది మాత్రం అక్కడ లేదు."

అబద్ధం ఒకటి అల్లి చెబితే బతికిపోతానని తెలుసు. నోరు రాలేదు. సోమ్రా "మా దేవత కాడ సేసిందీ మేమెవులికీ సెప్పం" అని గొడ్డలి దించాడు. తరవాత కూతుర్ని భుజానికెత్తుకుని, "బేగి దిగు, మంచు కమ్మేత్తాది" అన్నాడు నాతో.

చాలా రోజులు బడి ఖాళీగానే ఉంది. ఒకనాడు సోమ్రా సుక్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. వెళ్లిపోలేదు. గొడ్డలి ఒళ్లో పెట్టుకుని, పొలం పని మానుకుని, బడి వదిలేదాకా గుమ్మంలో కూర్చున్నాడు. అతన్ని చూసి మిగతా తల్లిదండ్రులూ ఒక్కొక్కరే పిల్లల్ని పంపారు.

కొన్నేళ్లకు జిల్లాలో ఉత్తమ ఉపాధ్యాయుడని నాకు పతకం ఇచ్చారు. కొత్త మేష్టర్లు నా పద్ధతి ఏమిటని అడిగేవారు. పిల్లను ముట్టుకునే ముందు ఎందుకో ఆ పిల్లకూ, కన్నవాళ్లకూ చెప్పండి, వాళ్లు నమ్మేదాకా ఆగండి అనేవాణ్ణి. అంత చిన్న మాటకు పతకమా అన్నట్టు చూసేవారు. ఆ మాట నేర్చుకున్న ఉదయం ఎలాంటిదో వాళ్లకు తెలియదు.