నీళ్లన్నీ పెద్దాయన సంచిలో

రెండువేల ఇరవైరెండు, ఏప్రిల్ నెల. మైదుకూరు నాలుగు రోడ్ల కూడలి దాటి కొంచెం ముందుకొస్తే నా అంగడి. ఆ నెలలో మా ఊరి ఎండ ఎంతటిదంటే, తొమ్మిదిన్నరకు రోడ్డు దాటిన మనిషి నీడ అవతలి గట్టు చేరలేక మధ్యలోనే కరిగిపోయేది. నా కళ్లతో చూశాను. మధ్యాహ్నమైతే తారురోడ్డు చివర నీళ్లు మెరిసేవి. ఆ లేని నీళ్లలో లారీలు పడవల్లా తేలుతూ వచ్చేవి. ప్రొద్దుటూరు బస్సు ముందు తలకిందులుగా కనిపించి, దగ్గరికి వచ్చాక సిగ్గుపడి నిటారుగా నిలబడేది. తూర్పున నల్లమల కొండలు తెల్లవారుజామున నేలకు ఆనకుండా జానెడు పైన ఉన్నట్టుండేవి. అలాంటి ఊళ్లో, అలాంటి నెలలో, నేను జనాన్ని కొండలకు పంపే వ్యాపారం చేస్తున్నాను.

మా నాయన లారీ పట్టలు కుట్టేవాడు. నేనూ అదే పని చేసుకుంటుంటే పదకొండేళ్ల కిందట బెంగళూరు పిల్లలు నలుగురు తెగిన వీపు సంచి కుట్టించుకోవడానికి వచ్చారు. దాన్ని రక్‌సాక్ అంటారట. దానికి హిప్ బెల్ట్ అని నడుముకు బిగించే పట్టీ ఉంటుంది, బరువు భుజాల మీద పడకుండా తుంటి మీదికి దింపుతుంది. ఆ సంచిని చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఏడాది తిరిగేలోగా అంగట్లో పట్టలు పోయి సంచులు, చాపలు, చిన్న పొయ్యిలు వచ్చాయి. అద్దెకిస్తాను, సర్ది కూడా ఇస్తాను. మెత్తనివి అడుగున, బరువైనవి వీపుకు ఆనించి, గబుక్కున కావలసినవి నెత్తిన. నేను సర్దిన సంచి వేసుకుంటే వెనక నుంచి ఎవరో మెల్లగా తోస్తున్నట్టు ఉంటుందని రాయచోటి దాకా పేరు. ఆ పేరు పుట్టించింది నేనేననుకోండి, కానీ అక్కడి దాకా నడిచింది అదే.

ఒక్క రహస్యం మాత్రం ఎవరికీ చెప్పలేదు. పదకొండేళ్లలో నేను ఒక్క కొండా ఎక్కలేదు. ప్రతి సంచితో పాటు మనసులో బయలుదేరేవాణ్ణి. జిప్పు మూసేటప్పటికి చల్లగాలి తగిలేది, పట్టీ బిగించేటప్పటికి కింద లోయ కనబడేది. కాళ్లు మాత్రం అంగడి బల్ల కిందే ఉండేవి.

ఆ ఏప్రిల్‌లో ఒక సాయంత్రం అనిత వచ్చింది. కడపలో బ్యాంకు ఉద్యోగం, మా పక్క పల్లె పిల్ల. మే నెలలో పెళ్లి.

"మస్తాన్ మామా, ఇద్దరికి సంచులు కావల్ల. ఒక్క పగటికి."

"ఎవరమ్మా ఆ ఇద్దరు?"

"మా నాయన, మా చిన్నాయన."

నా చేతిలో పెన్సిలు దానంతటదే కింద పడింది. పెద్ద ఓబులరెడ్డి, చిన్న ఓబులరెడ్డి మాట్లాడుకోక తొమ్మిదేళ్లు. పెద్దాయన బోరుకు ముప్పై అడుగుల దూరంలో చిన్నాయన ఇంకా లోతుగా బోరు వేశాడు. నెల తిరగకుండా పెద్దాయన బోరు గాలి కక్కింది. కాపు మీదున్న చీనీ బత్తాయి తోట మొత్తం నిలువునా ఎండింది. ఆ రోజు నుంచి ఆ పల్లెలో గాలి కూడా ఒక ఇంటి మీదుగా వీస్తే రెండో ఇంటికి పోయేది కాదు.

ఆ ఇంటి ఆచారం ఒకటుంది. ఆడపిల్ల పెళ్లి కుదిరితే మొదటి పత్రిక కోనలో ఉన్న ఇంటిదేవుడు నరసింహస్వామి పాదాల దగ్గర పెట్టాలి. అన్నదమ్ములు ఎంతమంది ఉంటే అంతమందీ ఆ పత్రిక మీద చెయ్యి వేసి పెట్టాలి. ఒక్క చెయ్యి తగ్గినా దాన్ని పిలుపుగా లెక్కపెట్టరు. అటు ఏడు కిలోమీటర్లు, ఇటు ఏడు. పొద్దున్నే ఎక్కి, నడిమధ్యాహ్నం టార్ప్ కింద కూర్చుని, ఎండ వాలాక దిగాలి. టార్ప్ అంటే కర్రలు పాతి నెత్తిన కట్టుకునే పలుచని పట్ట.

"పత్రికలు అచ్చయి వారమాయె మామా. ఒక్కటీ పంచల్యా. చిన్నాయన చెయ్యి పడని పత్రిక నేను ఎవరికీ ఇయ్యనని చెప్పినా. నన్ను భుజాన మోసి బడికి తీసకపోయినాయన. ఆయన రాకుండా నాకు పెండ్లేంది?"

"ఇద్దరూ ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారు. ఎక్కేది, చెయ్యేసేది, దిగేది. మాట్లాడనని నాయన, పలకనని చిన్నాయన. కొండ దిగేలోపల ఒక్క మాటన్నా మాట్లాడుకుంటే చిన్నాయన పందిట్లోకొస్తాడు. లేకుంటే రాడు. సంచులు సర్దేది నువ్వే గదా, ఏమన్నా చెయ్యి మామా."

ఆ పిల్ల పోయాక నాకు కల పట్టుకుంది. మా పనిలో లోడ్ షేరింగ్ అని ఒక పద్ధతి ఉంది. ఇద్దరు కలిసి పోతే ఉమ్మడి సామాను చెరిసగం మోయాలి. దాన్ని కొంచెం వంచితే? టార్ప్ గుడ్డ చిన్నాయన సంచిలో, దాని కర్రలు పెద్దాయన సంచిలో. పత్రిక అన్న దగ్గర, పసుపు కుంకుమలు తమ్ముడి దగ్గర. పులిహోర, పెరుగన్నం తమ్ముడికి. నీళ్లు? ఎవరి నీళ్లు వాళ్ల సంచిలో ఉండాలన్నది మా వృత్తిలో మొదటి అక్షరం. అది నాకు తెలియక కాదు. కానీ కల అప్పటికే చాలా దూరం పోయింది. ఎక్కడో వెదురు నీడలో తమ్ముడు ఆగి, గొంతు సవరించుకుని, "అన్నా, కొంచెం నీళ్లు" అంటాడు. ఏ నీళ్ల దగ్గర తెగిందో ఆ నీళ్ల దగ్గరే అతుకుతుంది. పక్షులు కూస్తాయి. ఆ ఊహకు నా కళ్లు చెమ్మగిల్లాయి కూడా. ఎనిమిది లీటర్ల నీళ్లూ పెద్దాయన సంచిలో పెట్టాను. అందులో సగం హైడ్రేషన్ బ్లాడర్‌లో పోశాను. అదొక మెత్తటి తిత్తి, దానికో గొట్టం ఉంటుంది, నడుస్తూనే చప్పరించవచ్చు.

బయలుదేరే రోజు తెల్లవారుజాము నాలుగున్నరకు ఇద్దరూ అంగడికి వచ్చారు. పెద్దాయనకు అరవై మూడు, చిన్నాయనకు యాభై ఎనిమిది. ఒకే ముక్కు, ఒకే మీసం, మధ్యలో నేను.

"మస్తానూ, ఆ నిలబడుకున్న మనిషికి చెప్పు, చెప్పులు పనికిరావు, బూట్లు ఏసుకోమని. దావలో ముండ్లుంటాయి" అన్నాడు పెద్దాయన.

"నా కాళ్ల సంగతి నాకు తెలుసని చెప్పప్పా ఆయనకు" అన్నాడు చిన్నాయన.

రెండు మూరల దూరానికి నేను పోస్టాఫీసు నడిపాను. పట్టీలు బిగించేటప్పుడు చిన్నాయన సంచి తేలిగ్గా ఉందని మెచ్చుకున్నాడు. ఎందుకు తేలిగ్గా ఉందో నేను చెప్పలేదు. జీపు తూర్పుకు తిరిగింది. అప్పటికి కొండలు ఇంకా గాలిలోనే ఉన్నాయి.

ఎనిమిదింటికి మా ఆవిడ మాబున్ని బొరుగుల ఉగ్గాని తెచ్చింది. నా గొప్పతనం దాచుకోలేక అంతా చెప్పాను. వెదురు నీడ, పక్షులు, ఏదీ వదల్లేదు. ఆమె నవ్వలేదు.

"అడగకపోతే?" అంది.

"ఏంది?"

"నీళ్లు. తొమ్మిదేండ్లు అడగనోడు ఈ పొద్దు అడుగుతాడా? ఆయప్ప నోరెండి పడిపోతాడు గానీ అడగడు. నీకు వాళ్ల వంశం తెలీదా?"

నా నోట్లో ఉగ్గాని ఇసుకైంది. ఫోన్ చేశాను. ఆ కోనలో సిగ్నల్ ఉండదని పదకొండేళ్లుగా అందరికీ చెప్పేవాణ్ణి నేనే. రెండు క్యాన్లలో నీళ్లు నింపి స్కూటర్ ముందు పెట్టుకున్నాను. "టోపీ" అని మాబున్ని అరిచేలోపు కూడలి దాటేశాను.

కొండ మొదట్లో స్కూటర్ పెట్టి రెండు చేతుల్లో క్యాన్లతో నడక మొదలుపెట్టాను. నాకు యాభై రెండేళ్లు. నా పొట్ట నాకన్నా అరనిమిషం ముందు నడుస్తుంది. ఇరవై అడుగులకే ఊపిరి చెవుల్లోంచి వచ్చింది. అయినా ఒక మాట చెప్పాలి. అంత భయంలోనూ ఆ కొండ నన్ను ఊరికే పోనివ్వలేదు. ఎండిన ఆకులు కాలి కింద నలిగితే చిన్నప్పుడు విన్న కబుర్ల చప్పుడు వచ్చింది. ఎక్కడో విరిసిన అడవిమల్లె వాసన గాలిలో ఒక చోట తెరలా వేలాడుతోంది. అందులోంచి నడిచి అవతలికి వస్తే లేదు, వెనక్కి అడుగేస్తే ఉంది. రాళ్ల మీద ఎండ బంగారుపూతలా మెల్లగా కదులుతోంది. నేను అంగట్లో కూర్చుని ఊహించిన కొండలన్నీ ఈ కొండ ముందు చెప్పుకోవడానికి కూడా పనికిరావు. నేను నడుస్తున్నానో, ఎవరో సర్దిన సంచిలో కూర్చుని పోతున్నానో తెలియలేదు. మధ్యమధ్యలో చిన్నాయన ఎండిన పెదవులు కనిపించి మళ్లీ మెలకువ వచ్చేది.

పదకొండు గంటలకు సగం దావలో, వానలకే పారే వంక వచ్చింది. చుక్క నీరు లేని ఇసుక. అక్కడ చూసిన దృశ్యం నేను చచ్చేదాకా మరచిపోను.

వంకకు ఇవతలి గట్టున నాలుగు కర్రలు చక్కగా పాతి ఉన్నాయి. పైన గుడ్డ లేదు. ఆ నాలుగు కర్రల మధ్య, లేని పందిరి కింద, పెద్దాయన వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. అవతలి గట్టున ఒక బక్క ముళ్లచెట్టు కింద చిన్నాయన, టార్ప్ గుడ్డ నెత్తి నుంచి పాదాల దాకా కప్పుకుని, కొత్త పెళ్లికూతురిలా ఉన్నాడు. ఇద్దరి మధ్య, వంక నడుమ బండ మీద నా నీళ్ల తిత్తి. నిండుగా ఉంది. గొట్టం మూత కూడా తియ్యలేదు.

"ఎంతసేపాయె?" అన్నాను.

"ఏడున్నర నుంచి" అన్నాడు పెద్దాయన. మాట ముద్దగా వచ్చింది. "ఆ మనిషి సంచి ఇప్పి ఎదుక్కుంటాంటే తెలిసె, నీళ్లన్నీ నా దగ్గరే ఉండాయని. తీసి బండ మీద పెట్టినా. నీళ్లు ఈడ ఉండాయని చెప్పినా."

"నాకు చెప్పల్యా" అన్నాడు గుడ్డలోంచి చిన్నాయన. "కొండకు చెప్పినాడు."

"మరి మీరన్నా తాగొచ్చు గదా పెద్దాయనా?"

"ఆ మనిషి నోరెండుకోని ఉంటే నేనెట్ల తాగుతానప్పా?"

ఇద్దరి చేతులూ పడాలి కాబట్టి ఒక్కరే పైకి పోలేరు. పత్రిక పెట్టకుండా దిగి అనితకు ముఖం చూపించలేరు. మూడున్నర గంటలు అలా ఉండిపోయారు. గుడ్డ కొంచెం తొలగితే చిన్నాయన పెదవులు కనిపించాయి, పగిలిన చెరువు మట్టిలా ఉన్నాయి. నా కల అంతా ఆ పెదవుల దగ్గర ఆగిపోయింది. అతుకుతుందా తెగుతుందా అన్నది వదిలేసి, ముందు ఈ మనిషికి నీళ్లు తాపాలని క్యాను పట్టుకుని ఇసుకలోకి దిగాను.

నాలుగడుగులు వేశాను. ఐదో అడుగుకు కొండ నా చుట్టూ మెల్లగా, చాలా మర్యాదగా, ఒక చుట్టు తిరిగింది. ఆకాశం పచ్చగా అయింది. టోపీ గుర్తొచ్చింది. చేతిలోంచి జారిన క్యాను గుటగుటమని వంకకు నీళ్లు తాపుతున్న చప్పుడు వింటూ నేను ఇసుక మీద ఒరిగిపోయాను.

కళ్లు తెరవలేదు గానీ చెవులు పనిచేస్తున్నాయి.

"చిన్నోడా, ఆ తిత్తి తీసకరా. బిరీన రా."

"తెస్తాండాన్నా. తల పైకెత్తు. నీ పక్కకు తిప్పుకో."

"గొట్టం మూత యాడ తిప్పేది దీనికి?"

"లాగల్లన్నా, తిప్పేది కాదు. ఇట్ల తే."

నా నోట్లో నీళ్లు పడ్డాయి. అంత రుచి ఏ నీళ్లకూ లేదు, ఇక ఉండదు. కళ్లు తెరిచేసరికి నా నెత్తి మీద టార్ప్ గుడ్డ నీడ. ఒక చివర పెద్దాయన, ఒక చివర చిన్నాయన పట్టుకుని ఉన్నారు. గొట్టం చిన్నాయన చేతిలో ఉంది.

"నువ్వు తాగు" అన్నాడు పెద్దాయన.

"నువ్వు తాగు ముందు. పెద్దోడివి."

"నువ్వు ఎండిపోయి ఉండావు, తాగురా."

"నువ్వు తాగితేనే తాగేది నేను."

నీళ్ల దగ్గర మళ్లీ గొడవ మొదలైంది. ఈసారిది ఎంతసేపు సాగినా నాకు అభ్యంతరం లేకపోయింది. చివరికి పెద్దాయన ఒక గుక్క తాగి గొట్టం తమ్ముడి నోట్లో పెట్టాడు. చిన్నాయన తాగుతూనే ఉన్నాడు. తాగినంతసేపూ పెద్దాయన ఆ గొంతు కదలడం చూస్తూనే ఉన్నాడు.

తర్వాత కర్రలకు గుడ్డ కట్టాం. పులిహోర తిన్నాం. ఎండ వాలేదాకా ముగ్గురం ఆ పలుచని నీడలో పడుకున్నాం. ఎవరూ బోరు మాట ఎత్తలేదు. సాయంత్రం వాళ్లిద్దరూ పైకి పోయారు. నేను వంకలోనే ఉండిపోయాను. నా కాళ్లు ఇక నావి కాదని చెప్పేశాయి. పొద్దు గుంకే వేళకు ఇద్దరూ ముందూవెనకా దిగి వచ్చారు. అన్న చెప్పుల వార్లు తెగితే తమ్ముడు తన తువ్వాలు చింపి కట్టాడట. తెల్లవారుజామున బూట్ల గురించి ఉపన్యాసం ఇచ్చింది ఈ అన్నే.

స్కూటర్ కొండ మొదట్లోనే వదిలి నేనూ వాళ్ల జీపెక్కాను. "సంచి ఎవరు సర్దినారప్పా ఇట్ల?" అని జీపులో చిన్నాయన అడిగాడు. నేను కిటికీలోంచి చీకట్లో కొండలు చూశాను.

పెళ్లికి పోయాను. చిన్నాయన పందిట్లో ఉన్నాడు, నా విస్తట్లో మూడుసార్లు నెయ్యి పోశాడు. బోరు సంగతి తేలిందా అంటే తేలలేదు. "ఇప్పుడు నేరుగా తిట్టుకుంటాండారు మామా, మధ్యలో మనిషి లేకుండా" అని అనిత సంతోషంగా చెప్పింది.

జనం ఆ రోజు నా తెలివి పనిచేసిందంటారు. లేదు. నా తెలివి ఇద్దరు మనుషుల్ని మూడున్నర గంటలు ఎండలో మాడ్చింది, అంతే. కింద పడిన మనిషిని లేపడానికి ఇద్దరు కావలసి వచ్చింది కాబట్టి వాళ్లు కలిశారు. అది నేను సర్దింది కాదు.

అప్పటి నుంచి ఏ సంచి నా బల్ల మీదికి వచ్చినా ముందు దాని నీళ్లు దానిలో పెడతాను, మిగతావి తర్వాత. ఇంకో పని కూడా చేస్తున్నాను. ఇద్దరు కలిసి సంచులకు వస్తే, ఊరు పేరు రాసుకోకముందే అడుగుతాను: "మీరిద్దరూ మాట్లాడుకుంటాండారా?" కొత్తగా పెళ్లయినవాళ్లయితే ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుతారు. వాళ్లలో ఒకరు నోరు తెరిచి జవాబు చెప్పేదాకా నేను జిప్పు ముట్టుకోను.