జమైకాలో ఖాళీ కుర్చీ, ప్రత్తిపాడులో మిరపకాయల కల్లం

జమైకా వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం తెలుగులో ఎవరైనా రాశారేమోనని వెతికాను, నాకైతే కనబడలేదు. అందుకే ఇది. ప్రత్తిపాడు బజారులో నాకు పురుగుమందుల కొట్టుంది. అమ్మకాలు బాగా చేసిన డీలర్లను కంపెనీవాళ్ళు ఏటా బ్యాంకాక్ తిప్పుకొస్తారు. మొన్న 2006లో మాత్రం కొందరిని భార్యలతో సహా జమైకా పంపుతామన్నారు. క్రికెట్ వ్యాఖ్యానంలో తప్ప నేనా పేరు విన్నది లేదు. ఏ నెల కావాలని మేనేజరు ఫోన్లో అడిగితే ఆలోచించకుండా ఫిబ్రవరి అన్నాను. ఫిబ్రవరిలో కొట్లో ఈగలు తోలుకోవడమే పని. మా ఆవిడ సుజాత పాస్‌పోర్టు తీసుకుంది, రెండు చుడీదార్లు కుట్టించుకుంది. చీరాల సముద్రం గంటన్నర దూరంలోనే ఉన్నా అందులో ఏనాడూ కాలు పెట్టని మనిషి.

కొట్టు నాదైతే మూడెకరాల మిరప తనది. ఆ సంగతే మరిచిపోయాను. ఫిబ్రవరి అంటే కల్లం. కోసిన కాయను పరిచి పగలంతా తిరగెయ్యాలి, సాయంత్రానికి కుప్ప చేసి పట్టలు కప్పాలి. ఒక్క జల్లు తగిలిందా, ఎర్రకాయ రంగు పోయి తాలుకాయ అవుతుంది. సరిగ్గా ప్రయాణానికి రెండు రోజుల ముందు మబ్బు పట్టింది. కూలీలకి అప్పజెప్పి పోదామన్నాను. సుజాత ఒకసారి ఆకాశం కేసి, ఒకసారి కల్లం కేసి చూసి, "మీరెళ్ళండి. ఎలా ఉందో చూసొచ్చి చెబుదురుగాని" అంది. తేలిగ్గానే అంది. నేనూ తేలిగ్గానే తీసుకున్నాను.

ప్రత్తిపాడు నుంచి గుంటూరుకి బస్సులో ముప్పావు గంట, అక్కడి నుంచి హైదరాబాదు ఆరు గంటలు. హైదరాబాదు నుంచి లండన్, లండన్ నుంచి జమైకాలో మాంటెగో బే, ఒక్కొక్కటీ పది గంటల పైమాటే. లండన్‌లో విమానం మారడానికి కూడా వీసా కావాలన్నారు, ముందే చూసుకోండి. రిసార్టుకి తీసుకెళ్ళిన వ్యాను డ్రైవరు దారంతా క్రికెట్ మాట్లాడాడు. దిగేటప్పుడు నా వెనక తలుపులోంచి ఇంకెవరైనా దిగుతారేమోనని ఆగాడు. ఎవరూ లేరని చెప్పాల్సొచ్చింది.

రిసెప్షన్లో అమ్మాయి నా చేతికి నీలం ప్లాస్టిక్ పట్టీ వేసింది. అది ఉంటే చాలు, తిండీ తాగుడూ పడవ షికారూ దేనికీ జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు. సొంతంగా వెళ్ళేవాళ్ళకి ఇద్దరికీ కలిపి రోజుకి రెండు మూడు వందల డాలర్లు అవుతుందట. మా గది ఇద్దరి పేరు మీద ఉంది కాబట్టి రెండో పట్టీ కూడా నా చేతిలో పెట్టింది. చొక్కా జేబులో వేసుకున్నాను.

ఫోను మాత్రం ఆ పట్టీలోకి రాదు. కార్డు కొనుక్కోవాలి, పది డాలర్లు. పొద్దున ఏడున్నరకి సుజాతకి చేశాను, మనకది సాయంత్రం ఆరు. పట్టలు కప్పుతున్నామంది. ఒగరుస్తోంది. అయినా సముద్రం ఏ రంగులో ఉందని అడిగింది. మైలుతుత్తం కలిపిన నీళ్ళలా నీలంగా ఉందన్నాను. అంతలో కార్డులో డబ్బులు అయిపోయాయి.

ఒడ్డున ప్రతి గొడుగు కిందా రెండు కుర్చీలు, రెండు తువ్వాళ్ళు. నా పక్క కుర్చీ తువ్వాలు మడత పెట్టింది పెట్టినట్టే ఉంది. చుట్టూ ఆడవాళ్ళు పొద్దున లేచి వచ్చి కూర్చుంటున్నారు. కూర్చోవడం తప్ప మరో పని లేదు. టిఫిను ఎవరో వండుతున్నారు, ఎంగిలి పళ్ళేలు ఎవరో తీస్తున్నారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో సుజాత తను వండని అన్నం ఎన్నిసార్లు తినుంటుందో లెక్కపెట్టబోయాను. పెళ్ళిళ్ళు తీసేస్తే వేళ్ళ మీద తేలిపోయింది. ఆ సముద్రం అంత బాగుండడం నాకు కష్టంగా తోచింది.

మధ్యాహ్నం బొగ్గుల మీద కోడి కాల్చే డోరీన్ అనే పెద్దావిడ, బుడ్డ మిరపకాయ ముక్కలు వేస్తూ జాగ్రత్త అంది. గుంటూరు వాణ్ణి, నాకేంటని నమిలాను. కళ్ళ వెంట ధార. ఆవిడ నీళ్ళిచ్చి, మీ భార్య గదిలో ఉన్నారా అని అడిగింది. నాకొచ్చిన ఇంగ్లీషులో మబ్బు, కల్లం, పట్టలు అన్నీ చెప్పాను. ఆవిడ నవ్వలేదు. వాళ్ళమ్మ కూడా కొండ ఊళ్ళో పిమెంటో అని మిరియం లాంటి గింజ సిమెంటు గచ్చు మీద ఎండబెడుతుందట, మబ్బు కనబడితే పరుగేనట.

"మరి ఈ నెల ఎవరు ఎంచారు?" అంది.

"నేనే" అన్నాను.

ఆవిడ నా పళ్ళెంలో ఇంకో ముక్క వేసింది. ఆ తర్వాత నాలుగు రోజులూ పడవ ఎక్కాను, చేపల్ని చూశాను. చెప్పుకోవడానికి పక్కన మనిషి లేకపోతే చూసింది చూసినట్టుండదు.

తిరిగొచ్చేసరికి కల్లంలో కాయ నిగనిగలాడుతోంది. మబ్బు తేలిపోయిందట. ఒక్క చినుకు పడలేదు. రెండో పట్టీ సుజాతకిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, అక్కడ ఆడవాళ్ళు పొద్దున్నే ఏం చేస్తారని అడిగింది. కూర్చుంటారని చెప్పాను. "ఎంతసేపు?" అంది. అడుగుతూనే పట్టీని గాజుల పెట్టెలో పెట్టేసింది.

కంపెనీ మళ్ళీ జమైకా పంపదు. ఈసారి బ్యాంకాకే. మొన్న మేనేజరు ఏ నెలని అడిగితే ఫోను సుజాతకిచ్చాను. జూన్ అంది. జూన్ అంటే పత్తి విత్తనాల అమ్మకాలు, కొట్టు ముందు జనం బారులు కడతారు. నా మొహం చూసి, "మీకు కుదరకపోతే కొట్టు చూసుకోండి. ఎలా ఉందో చూసొచ్చి నేను చెబుతాగా" అంది. తేలిగ్గానే అంది. నాకు మాత్రం ఆ కాయ నమిలినప్పటిలా కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి.

ఇద్దరు వెళ్ళే ప్రయాణానికి నెల ఒక్కరే ఎంచకండి. నాకు తెలిసిన చిట్కా ఇదొక్కటే. నిన్ననే బోర్డు రాయించాను, జూన్ పది నుంచి ఆరు రోజులు కొట్టు సెలవు.