మేనమామ లేని మనుమరాలు

మా అవ్వకు ఎంతమంది మనుమలు, మనుమరాండ్రంటే, ఒకరిని పిలవబోయి నలుగురి పేర్లు తడుముకునేది. ఆమె ఒడి కోసం మేం కొట్లాడుకునేవాళ్లం. నా కాలానికి వచ్చేసరికి ఆ కొట్లాట తిరగబడింది. నాకు ఒక్కడే కొడుకు. మా కోడలు ఎల్లారెడ్డి ఊళ్లో ఉండే అమ్మానాన్నలకు ఒక్కతే బిడ్డ. వాళ్లిద్దరికీ ఒక్కతే పాప, ఇంకొకరు వద్దనుకున్నారు. నలుగురు ముసలివాళ్లం, ఒక్క మనుమరాలు.

2012లో కామారెడ్డిలో, మా ఇంట్లోనే, ఆ పిల్లకు పుట్టువెంట్రుకలు తీయాలనుకున్నారు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తీయాలి. కోడలికి అన్నదమ్ములు లేరు. మా వియ్యంకుడు ఎల్లారెడ్డి నుంచి కొత్త గౌను పట్టుకుని పొద్దున్నే వచ్చాడు. తానే కూర్చుంటానన్నాడు.

మా అక్క ఒప్పుకోలేదు. "తాత మేనమామ ఎట్లయితడు? రామారెడ్డి ఊర్ల కోడలికి వరుసకు తమ్ముడున్నడు. ఫోన్ కొడితె వస్తడు."

"పిల్ల మొఖం గూడ సూడనోడు మేనమామనా? కత్తెరకు వరుసలు తెలుస్తయా అక్కా?" అన్నాను.

"నీ వాదాలు పేపర్ల రాస్కో. ఇంట్ల నడువయి."

నాకు మండింది. పుట్టని మనిషిని ఆచారం ఎక్కడి నుంచి పుట్టిస్తుంది? "అసలు ఈ తంతే వద్దు. కటింగ్ షాపుకు తీస్కపోత" అంటూ లేచాను.

వియ్యంకుడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"గట్లనకు బావా. పిల్ల నీ కండ్ల ముందట పెరుగుతున్నది. ఆచారం ఇడిసిపెట్టినా నీకు మనుమరాలు మిగుల్తది. నేను పండుగకో పబ్బానికో చుట్టపోని లెక్క వస్త, పోత. గీ ఒక్క దినమన్న నా ఒడిల కూసుంటదని వచ్చిన."

ఆచారాల మీద ఎన్నో సభల్లో నిప్పులు చెరిగినవాణ్ణి. ఈ తంతు అర్థం లేనిదని ఇప్పటికీ అంటాను. ఆ మాటకు మాత్రం మళ్లీ కూర్చున్నాను.

కత్తెరతో కూర్చున్న మంగలాయన విసుక్కున్నాడు. "ఎవలో ఒకలు కూసోండ్రి. పోరి నిద్రపోతున్నది."

చివరకు అక్కే పీట వియ్యంకుడి ముందుకు జరిపింది. "కూసోండ్రి ఇగ. తలకాయ కదలకుంట పట్టుకోండ్రి."

పని అయ్యేలోపే పిల్ల ఏడ్చి ఏడ్చి ఆయన ఛాతీ మీద నిద్రపోయింది. అన్నాలు వడ్డించి పిలిచాను. మోకాళ్ల నొప్పి మనిషి, ఆ పీట మీదే అట్లాగే కూర్చుని ఉన్నాడు.

"మీరు తినుండ్రి బావా," అన్నాడు మెల్లగా. "నేను లేస్తె పిల్ల లేస్తది."