వకీలు సాహెబు గారి హుక్కా

మొన్న క్రిస్మస్ పిండివంటలప్పుడు మా ఆవిడ అరిసెల పాకం పొయ్యి మీద ఉంచి ఎవరితోనో మాటల్లో పడింది. బెల్లం మాడిపోయి ఇల్లంతా వాసన పట్టింది. అందరూ ముక్కులు మూసుకుని కిటికీలు తెరుస్తుంటే నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఆ వాసన గట్టిగా పీలుస్తున్నానట. ఈ వయసులో ఇదేం చోద్యమండీ అని విసుక్కుంది. ఆవిడ కోపం న్యాయమే. కానీ బెల్లం మాడితే నాకు బందరు గుర్తొస్తుంది, బందరంటే మా సీనియరు కరీముల్లా సాహెబు గారు గుర్తొస్తారు. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను పుట్టింది నాగాయలంక దగ్గర ఒక పల్లెలో, ఊరికి ఎడంగా ఉండే మా పేటలో. మమ్మల్ని అంటరానివాళ్ళుగా చూసే రోజులు. మిషన్ హాస్టల్లో చదువుకుని, వాల్తేరులో లా పూర్తిచేసి, యాభైల చివర్లో నల్లకోటు కుట్టించుకుని బందరు వచ్చాను. కోటు ఒంటికి బాగానే సరిపోయింది గానీ ఏ ప్లీడరు గారి గదిలోనూ నాకు కుర్చీ దొరకలేదు. ఒకాయన జాగా లేదన్నారు. ఇంకొకాయన ఇంటిపేరు, తండ్రి పేరు, ఊళ్ళో ఏ వైపు ఇల్లు, అన్నీ తీరిగ్గా అడిగి, కబురు చేస్తానన్నారు. ఆ కబురు ఇప్పటికీ రాలేదు. కరీముల్లా సాహెబు గారు ఒక్కటే అడిగారు, ఇంగ్లీషులో దావా ప్లెయింటు రాయడం వచ్చా అని. వచ్చన్నాను. అయితే రేపు పొద్దున్నే వచ్చేయమన్నారు.

ఆ మర్నాటి సాయంత్రమే నిర్ఘాంతపోయాను. మా ఇంట్లో పొగాకు పేరెత్తడమే పాపం. నాన్న చుట్టలు కాల్చి కాల్చి ఆ దగ్గుతోనే పోయాడు. నేను వాల్తేరు బండి ఎక్కేముందు అమ్మ నాచేత బైబిలు మీద చెయ్యి వేయించి, చుట్టా బీడీ, పొగ వచ్చేది ఏదీ నోట పెట్టనని ప్రమాణం చేయించుకుంది. అలా పెరిగినవాణ్ణి. పగలంతా కోర్టులో జడ్జీ చేత తల ఊపించిన పెద్దమనిషి, సాయంత్రం వసారాలో పరుపు మీద బాసింపట్టు వేసుకుని, ఇత్తడి కుండలోంచి గుడగుడమని పొగ లాగుతూ కనిపిస్తే, కాగితాల కట్ట చేతిలో పట్టుకుని కొయ్యబారిపోయాను. ఆయన నవ్వి, అది కరవదులే, వచ్చి కూర్చోమన్నారు.

కూర్చోవడం అలవాటైంది. కొబ్బరిచిప్పల బొగ్గు కణకణలాడాక కుండ పైనుండే మట్టి గిన్నెలో, అంటే చిలుములో, పెట్టేవారు. కింద బెల్లం కలిపి నూరిన పొగాకు. పొగ కుండలో నీళ్ళగుండా వచ్చి, చల్లబడి, పొడవాటి గొట్టంలోకి ఎక్కేది. పర్షియా ఓడలు బందరు రేవుకు వచ్చిన కాలంలో తివాచీలతోపాటు ఈ హుక్కా కూడా దిగిందనీ, వాళ్ళ ముత్తాత ఇంట్లో దీన్ని వెలిగించడానికే ఒక మనిషి ఉండేవాడనీ చెప్పేవారు. గొట్టం పక్కవాడికి అందించేటప్పుడు మూతి అతనివైపు చూపించకూడదట, తనవైపు వంచి ఇవ్వాలట. పెద్దవాళ్ళు ఇచ్చేదాకా చిన్నవాళ్ళు అడగకూడదట. అన్నిటికన్నా ఆయన గొప్పగా చెప్పుకునేది మొహనాల్ సంగతి. అంటే గొట్టం చివర తగిలించి నోట పెట్టుకునే వెండి మూతి. నవాబుల దర్బారులో ఎవరి మొహనాల్ వాళ్ళు జేబులో వేసుకుని వచ్చేవారనీ, తమ వసారాలోనూ అదే మర్యాద నడుస్తోందనీ అనేవారు.

నిజంగానే నడిచేది. అక్కడికి వచ్చేవారిలో ఒకరు సుబ్బరాయుడు గారు, మా కోర్టులోనే పేరున్న ప్లీడరు. రెండోవారు హెడ్మాస్టరుగా రిటైరైన శేషయ్య గారు. గుడివాడ నుంచి వాయిదాలకు వచ్చే రైసుమిల్లు వెంకటాద్రి గారు మూడోవారు. గొట్టం తమ వంతుకు రాగానే సాహెబు గారి మొహనాల్ ఊడదీసి, తమది తగిలించుకుని, నాలుగు దమ్ములు లాగి, తమది తాము తీసేసుకునేవారు. ఆ పని ఎంత నాజూగ్గా చేసేవారంటే నేను కాగితాలు మరిచిపోయి చూసేవాణ్ణి. ముప్ఫయ్యేళ్ళ స్నేహం వాళ్ళది. నేను కొంచెం ఎడంగా స్టూలు మీద కూర్చునేవాణ్ణి. నన్ను అందరూ బాగానే పలకరించేవారు.

ఒకరోజు మా దివిసీమ వైపు పొలం దావా విచారణకు వచ్చింది. అవతలి ప్లీడరు సుబ్బరాయుడు గారే. పొద్దున లేచేసరికి సాహెబు గారికి గొంతు పూర్తిగా పోయింది, గుసగుస తప్ప రావడంలేదు. వాయిదా అడుగుదామన్నాను. తల అడ్డంగా ఊపి, కాగితాలు నా చేతిలో పెట్టారు. లేచి నిలబడ్డాను. ఎలా మాట్లాడానో తెలియదు గానీ దావా మా వైపు తీర్పయింది. సాయంత్రం సుబ్బరాయుడు గారు వసారా మెట్లెక్కుతూనే, కుర్రాడు గట్టివాడేనయ్యా కరీముల్లా, నన్ను నమిలేశాడు అని నవ్వారు. నాకు ఒళ్ళు పొంగిపోయింది.

సాహెబు గారు రెండు దమ్ములు లాగి, గొట్టం మూతి తనవైపు వంచి, చెయ్యి చాపారు. ఆ చెయ్యి సుబ్బరాయుడు గారి వైపు కాదు, నా వైపు చాచారు. దాని చివర ఆయన సొంత మొహనాల్ అలాగే ఉంది. ఒకపక్క అమ్మ, బైబిలు. ఇంకోపక్క ఎవరూ కుర్చీ ఇవ్వనప్పుడు ఇచ్చిన మనిషి, నలుగురి ముందూ చాచిన చెయ్యి.

"తీసుకోవయ్యా," అన్నారాయన, ఆ గుసగుస గొంతుతోనే. "ఇవాళ కోర్టులో నా నోరు నువ్వేగా. ఇక్కడ వేరే ఎందుకవుతుంది?"

తీసుకున్నాను. ఒక్క దమ్ము లాగి కళ్ళనీళ్ళు వచ్చేలా దగ్గాను. గొట్టం తిరిగి ఇచ్చాను. ఆయన దాన్ని తుడవకుండా, ఏమీ జరగనట్టు నోట పెట్టుకుని లాగారు. తర్వాత సుబ్బరాయుడు గారికి అందించారు. ఆయన అప్పటికే మొహనాల్ జేబులోంచి సగం పైకి తీసి ఉన్నారు. దాన్ని మళ్ళీ లోపలికి జారవిడిచి, ఇంట్లో ఎవరో వస్తామన్నారని లేచారు. శేషయ్య గారికీ అప్పుడే ఏదో పని గుర్తొచ్చింది.

మర్నాడు ఎవరూ రాలేదు. ఆ వారమంతా రాలేదు. సుబ్బరాయుడు గారికి డాక్టరు పొగ మానమన్నాడట. శేషయ్య గారికీ అదే సలహా. వెంకటాద్రి గారు గుడివాడ నుంచి వచ్చినా కోర్టు నుంచి తిన్నగా బస్టాండుకే వెళ్ళేవారు. కోర్టు వరండాలో మాత్రం ముగ్గురూ సాహెబు గారితో ఎప్పట్లాగే నవ్వుతూ మాట్లాడేవారు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. తిట్టుకుని విడిపోతే అర్థమయ్యేది. ఒక్క దమ్ముకి ముప్ఫయ్యేళ్ళ స్నేహం చడీచప్పుడు లేకుండా ఎలా పోతుందో నాకు అంతుబట్టలేదు. ఊళ్ళో అందరికీ ఒక్కసారిగా ఆరోగ్యం మీద శ్రద్ధ పెరిగిందయ్యా అని సాహెబు గారు నవ్వేవారు. కానీ ఎదురుగా పరిచిన పరుపులు తీయించలేదు.

ఉండబట్టలేక ఒక సాయంత్రం చెప్పేశాను, నేను వెళ్ళిపోతాను సార్, వాళ్ళు తిరిగొస్తారు అని. ఆయన నిప్పుల మీద బూడిద దులిపారు.

"నవాబుల మర్యాద అని నీకు చెప్పాను చూడు," అన్నారు. "అది నవాబుల దగ్గర మర్యాదే. నా వసారాలో కాదు. నా నోరు తగిలింది వాళ్ళ నోటికి తగలకూడదని మొదటి రోజునుంచే ఎవరిది వాళ్ళు తెచ్చుకున్నారు. నాకు తెలుసు. తెలిసే దానికి మంచి పేరు పెట్టుకున్నాను."

ఈ అవమానం మా పేటకే రాసిపెట్టి ఉందనుకునేవాణ్ణి. ఇంత ఇల్లు, ఇంత ఇంగ్లీషు, ఇంత పేరు ఉన్న మనిషి తన సొంత వసారాలో, తన సొంత హుక్కా దగ్గర, దాన్ని రోజూ దిగమింగుతున్నాడని కల్లో కూడా అనుకోలేదు. మరి ఆ రోజు నాకెందుకిచ్చారని అడిగాను.

"లోపల అలమరాలో ఇంకో మొహనాల్ ఉంది. అది తెప్పించి నీకిద్దామనే ముందు అనుకున్నాను," అన్నారు. "అలా అనుకున్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది."

అప్పుడు నా ప్రమాణం సంగతి చెప్పాను. ఈసారి నిర్ఘాంతపోవడం ఆయన వంతయింది. గొట్టం కింద పెట్టేసి, ముందే చెప్పి ఉంటే వెనక్కి తీసుకునేవాణ్ణి కదయ్యా అన్నారు. అందుకే చెప్పలేదు సార్ అన్నాను. ఇక వెళ్ళిపోయే మాట ఎత్తొద్దనీ, అమ్మ దగ్గర మాత్రం ఇది దాచొద్దనీ అన్నారు.

ఆదివారం మా ఊరు వెళ్ళాను. అమ్మ వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది. ప్రమాణం తప్పానని చెప్పగానే చేట కింద పెట్టేసింది. ఆమె ముఖం పాలిపోవడం చూసి, జరిగిందంతా గబగబా చెప్పేశాను. కొడుతుందేమో అనుకున్నాను, ఏడుస్తుందేమో అనుకున్నాను. రెండూ చేయలేదు. ఆసాముల ఇళ్ళలో దాహమేస్తే ఎత్తునుంచి పోసిన నీళ్ళు దోసిట పట్టుకుని తాగిన మనిషి ఆమె. జీవితంలో ఏ ఇంటి గ్లాసూ ఆమె పెదాలకు తగల్లేదు.

"నువ్వు తాగింతర్వాత ఆయన మళ్ళీ నోట పెట్టుకున్నాడంట్రా?" అంది చివరికి.

"పెట్టుకున్నారమ్మా."

"తుడిచాడా?"

"తుడవలేదు."

అమ్మ చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. చెరగలేదు, ఊరికే పట్టుకుని కూర్చుంది. కళ్ళు తుడుచుకుని, "సర్లే, దేవుడితో నేను మాట్లాడుకుంటాలే" అంది.

ఆ తర్వాత నేను పొగాకు ముట్టలేదు. సాహెబు గారు మళ్ళీ ఇవ్వనూ లేదు. ఆయన పోయేదాకా సాయంత్రాలు ఆ పరుపు మీద ఎదురుగా కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే. మా చర్చిలో తప్పులు ఒప్పుకునే ప్రార్థన వచ్చినప్పుడు నేనూ తల వంచుతాను, ఒప్పుకోవాల్సినవి చాలానే ఉన్నాయి. ఆ ఒక్క దమ్ముకి మాత్రం ఇంతవరకూ క్షమాపణ అడగలేదు. అమ్మ మాట్లాడే ఉంటుంది.