బొటనవేలు తడమని చేప

ఒక చేప మీద మనిషికి అంత కోపం ఎట్లా పుడుతుంది? నాకిప్పటికీ జవాబు దొరకలేదు. నంద్యాలలో తాళాలు బాగుచేసే ఖాజా పీర్ శుక్రవారం నమాజు కాగానే కుందూ యేటి ఒడ్డున గాలం వేస్తాడు. మీసాల చేప పడితే తల వెనక జిగురు తుడిచి బొటనవేలితో తడుముతాడు. అక్కడి ఎముక ఒకే కొనతో ముగిస్తే అది మా యేటి నాటు చేప, మార్పు అంటారు. దాన్ని మెల్లగా నీళ్లలోకి వదిలేస్తాడు. మూడు వంకలు తగిలితే ఎవరో దొంగచాటుగా పెంచి వదిలిన ఆఫ్రికా జాతి. "మా యేరంతా మింగి ఇంకా ఆకలేనా నీకు!" అని బండకేసి కొడతాడు. నాలుగేండ్లుగా ఆ వేలికి మూడు వంకలే తగులుతున్నాయి. నాటుది ఒక్కటైనా మిగిలిందా అన్నదే ఆయన దిగులు.

మొన్న వరసగా పడిన ఐదూ ఆఫ్రికావే. పక్కన గాలం వేసిన గడివేముల రైతు చెన్నకేశవులు నవ్వాడు. "నాటుది యాడుందన్నా ఇంగ? నువ్వు వదిలినవన్నీ ఈటి కడుపులోనే ఉండాయి." ఖాజా పీర్ మొహం కందిపోయింది. ఆరోది పైకి రాగానే తడమకుండానే బండకేసి మూడుసార్లు బాదాడు. "సావు! సావు!"

చెన్నకేశవులు ఆ చేపను ఎత్తి, బురద కడిగి, నవ్వు మానేశాడు. "అన్నా, దీని తల చూడు."

ఖాజా పీర్ బొటనవేలు ఎముక వెంట పోయి ఒక్క కొన దగ్గర ఆగింది. "నీ నోరు పడిపోనూ..." అని మొదలుపెట్టిన ఖాజా పీర్ ఆ మాట పూర్తి చేయలేదు. చేపను తువ్వాలలో చుట్టుకున్నాడు. గాలం ఒడ్డునే వదిలేసి, పోతాండానని కూడా చెప్పకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు.